కొండెక్కే ట్రక్కుకు మైలేజీ లెక్క వేరు

బండి కొనేవారు ఎవరైనా ముందు అడిగేది మైలేజీ ఎంత అనే. సైన్యంలోనూ ఈ ప్రశ్న ఉంది. అక్కడ దాన్ని కేపీఎల్ అంటారు, అంటే లీటరుకు కిలోమీటర్లు. ఒక్కో రకం వాహనానికి ఇంత రావాలని ఒక అంకె ఉంటుంది. డ్రైవరు రాసే లాగ్‌బుక్‌ను దాంతో సరిచూస్తారు. తక్కువ వస్తే బండి వర్క్‌షాపుకు వస్తుంది. సైనిక వాహనాల మరమ్మతు చూసే ఈఎంఈ విభాగంలో పనిచేసినవాడిగా ఆ అంకె చుట్టూ సాగిన వాదనలు నేను చాలా విన్నాను. పాత ఫోర్-వీల్-డ్రైవ్ ట్రక్కుల్లో ఏ ఇంజిన్ తక్కువ తాగుతుంది, ఏది ఎక్కువ తాగుతుంది అన్న చర్చ మెస్సుల్లో ఇప్పటికీ తెగదు.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. సరిహద్దు కొండల్లో తిరిగే బండిని కేపీఎల్‌తో కొలిస్తే సగం నిజమే తెలుస్తుంది. లీటరు ఇంధనంతో ఎన్ని టన్నుల సరుకు, ఎంత దూరం, ఎంత ఎత్తుకు చేరింది అన్నదే అసలు కొలమానం. ఆ లీటరును అక్కడిదాకా మోసుకెళ్లడానికి ఎన్ని లీటర్లు, ఎన్ని బండ్లు, ఎంతమంది మనుషులు కావాల్సి వచ్చిందన్నది దానికి కొనసాగింపు. పాత ఇంజిన్లను ఈ రెండు కొలతలతో పోలిస్తే కొన్ని నమ్మకాలు నిలబడతాయి, కొన్ని తలకిందులవుతాయి.

జబల్‌పూర్ తరాలు

మన సైన్యం పాత ట్రక్కుల కథ చాలావరకు జబల్‌పూర్ కథే. 1950ల చివర రక్షణ మంత్రి వీకే కృష్ణ మీనన్ హయాంలో జర్మనీకి చెందిన మాన్ సంస్థ లైసెన్సుతో శక్తిమాన్ ట్రక్కు తయారీ మొదలైంది. సైన్యం దాన్ని 3-టన్నర్ అనేది. ఆ తరువాత జపాన్ నిస్సాన్ లైసెన్సుతో వన్-టన్ ట్రక్కు, జోంగా వచ్చాయి. జోంగా 1969లో మొదలై 1999 దాకా తయారైంది. 1990ల నుంచి శక్తిమాన్, నిస్సాన్‌ల స్థానంలోకి అశోక్ లేలాండ్ స్టాలియన్, టాటా ఎల్‌పీటీఏ 713 వచ్చాయి. స్టాలియన్ కొండదారిలోనూ 5 టన్నులు మోస్తుంది, టాటా బండి రెండున్నర టన్నులు. చిన్న వాహనాల్లో మారుతి జిప్సీ జోంగా చోటును ఆక్రమించింది.

ఈ వరుసలో ఇంజిన్లు నాలుగు రకాలు. నిస్సాన్ వన్-టన్, జోంగాలలో ఉన్నది దాదాపు 4 లీటర్ల, 6 సిలిండర్ల కార్బురేటర్ పెట్రోలు ఇంజిన్. శక్తిమాన్‌లో సుమారు 6 లీటర్ల, 6 సిలిండర్ల డీజిల్. దానికి టర్బో లేదు కానీ డీజిల్‌తో పాటు వేరే ఇంధనాలూ కాల్చగలదు. తరువాతి స్టాలియన్లలో హినో సాంకేతికతతో చేసిన టర్బో డీజిల్. ఎల్‌పీటీఏ 713లో మెర్సిడెస్ వంశం నుంచి వచ్చిన టాటా 697 టర్బో డీజిల్. నాలుగోది జిప్సీలోని 1.3 లీటర్ల చిన్న పెట్రోలు ఇంజిన్.

తేడా ఎక్కడ పుడుతుంది?

లీటరు డీజిల్‌లో లీటరు పెట్రోలు కంటే పది శాతానికి పైగా ఎక్కువ శక్తి ఉంటుంది. ఇది డీజిల్‌కు పుట్టుకతో వచ్చిన ఆధిక్యం. అసలు తేడా మాత్రం ఇంజిన్ లోపల ఉంది. పాత కార్బురేటర్ పెట్రోలు ఇంజిన్లు గాలి-ఇంధన మిశ్రమాన్ని ఏడెనిమిది రెట్లకు మించి నొక్కలేవు. డీజిల్ ఇంజిన్ గాలిని పదిహేను, ఇరవై రెట్ల మధ్య నొక్కుతుంది. ఎంత ఎక్కువ నొక్కితే కాలిన ఇంధనం నుంచి అంత ఎక్కువ పని వస్తుంది.

రెండో కారణం థ్రాటిల్. పెట్రోలు ఇంజిన్‌కు శక్తి తగ్గించాలంటే గాలిదారి మూయాలి. మూసిన దారిలోంచి గాలిని లాగడానికే ఇంజిన్ కొంత శ్రమ ఖర్చు చేస్తుంది. డీజిల్‌లో గాలిదారి ఎప్పుడూ తెరిచే ఉంటుంది, ఇంధనం మాత్రం తగ్గుతుంది. అందుకే బండి ఆగి ఇంజిన్ తిరుగుతున్నప్పుడు, ఖాళీగా వెనక్కి వస్తున్నప్పుడు ఈ రెండింటి మధ్య అంతరం బాగా పెరుగుతుంది. సైనిక వాహనాల జీవితంలో ఇదే పెద్ద భాగం. కాన్వాయ్‌లో ముందు బండి కదిలేదాకా ఆగాలి. కొండచరియ తొలగించేదాకా ఆగాలి. చలిలో ఇంజిన్ ఆపితే మళ్లీ రాజుకుంటుందో లేదోనన్న భయంతో ఆపకుండా ఉంచాలి. కేపీఎల్ పరీక్షలో కిలోమీటర్లు ఉంటాయి కానీ ఈ గంటలు ఉండవు.

శక్తిమాన్ ఇంజిన్ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. మాన్ ఇంజినీర్లు పిస్టన్ తలలో గుండ్రని గిన్నెలాంటి గుంత చేసి, ఇంధనాన్ని దాని గోడ మీద పలుచని పొరగా పడేలా చిమ్మారు. వేడి గోడ మీద అది ఆవిరవుతూ నెమ్మదిగా కాలుతుంది. శబ్దం తక్కువ, పొదుపు బాగుంటుంది, ఇంధనం రకం మారినా పెద్ద పేచీ ఉండదు. గోడ వేడెక్కేదాకా మాత్రం కష్టం. చలి ఉదయం స్టార్ట్ చేస్తే తెల్లటి పొగ దట్టంగా వస్తుంది. ఆ పొగంతా కాలకుండా బయటికి పోతున్న డీజిలే. మైదానంలో మంచి మైలేజీ ఇచ్చే ఇంజిన్ మంచు కొండల్లో ఉదయం పూట ఉదారంగా తాగేది ఇందుకే.

ఎత్తు మింగేది

లద్దాఖ్‌కు వెళ్లే శ్రీనగర్ దారిలో జోజిలా కనుమ ఎత్తు 3,528 మీటర్లు. లేహ్ పట్టణమే దాదాపు 3,500 మీటర్ల ఎత్తులో ఉంది. అక్కడ గాలి సాంద్రత సముద్రమట్టంతో పోలిస్తే దాదాపు 70 శాతం. 5,359 మీటర్ల ఖార్దుంగ్‌లా దగ్గర 60 శాతం కూడా ఉండదు. అంటే టర్బో లేని ఇంజిన్‌కు ప్రతి ఊపిరిలో మూడో వంతుకు పైగా గాలి తగ్గిపోతుంది. ఇంధనం మాత్రం పాత కొలతలోనే వస్తుంటుంది.

కార్బురేటర్ ఇంజిన్ దీంతో మిశ్రమం చిక్కబడి ఉక్కిరిబిక్కిరవుతుంది. ప్లగ్గులు నల్లబడతాయి, సైలెన్సర్ నుంచి నల్ల పొగ వస్తుంది. చిన్న జెట్లు బిగిస్తే కొంత సర్దుకుంటుంది కానీ అదే బండి కిందికి దిగగానే మళ్లీ మార్చాలి. టర్బో లేని డీజిల్‌దీ ఇదే బాధ. పంపు కొలత తగ్గించకపోతే నల్ల పొగ, తగ్గిస్తే శక్తి లేమి. శక్తి తగ్గిన ట్రక్కు కింది గేరులోనే పాకుతుంది. ఇంజిన్ వేగంగా తిరుగుతుంది, బండి నెమ్మదిగా కదులుతుంది, కిలోమీటరుకు ఇంధనం పెరుగుతుంది.

టర్బో ఇక్కడే తేడా చూపుతుంది. పోయే పొగతో తిరిగే చక్రం పలుచని గాలిని నొక్కి లోపలికి తోస్తుంది. పోయినదంతా తిరిగి రాదు కానీ చాలావరకు వస్తుంది. మైదానంలో శక్తిమాన్, స్టాలియన్‌ల కేపీఎల్ పక్కపక్కన పెడితే పెద్ద తేడా లేదనిపించవచ్చు. ఆ రెండింటినీ నిండు బరువుతో కనుమ ఎక్కించి చూస్తే అప్పుడు తెలుస్తుంది.

ఎక్కడానికి అయ్యే ఖర్చును భౌతికశాస్త్రమే చెబుతుంది. 10 టన్నుల బండిని 1000 మీటర్లు పైకి లేపడానికి దాదాపు 98 మెగాజౌళ్ల పని కావాలి. ఇంధనంలోని శక్తిలో నాలుగో వంతుకు కొంచెం పైన చక్రాలకు చేర్చగల డీజిల్ ట్రక్కుకు ఇది దాదాపు 10 లీటర్లు. ఆరో వంతు మాత్రమే చేర్చగల పాత పెట్రోలు ఇంజిన్‌కు అదే పని 18 లీటర్ల దాకా. రోడ్డు మీద దొర్లడానికి అయ్యేది దీనికి అదనం. దిగేటప్పుడు ఆ శక్తి బ్రేకుల్లో వేడిగా పోతుందే తప్ప ట్యాంకులోకి తిరిగి రాదు.

2020 అక్టోబరు 3న ప్రారంభమైన 9.02 కిలోమీటర్ల అటల్ సొరంగాన్ని ఈ కోణంలోనూ చూడాలి. మనాలి-లేహ్ దూరం 46 కిలోమీటర్లు తగ్గిందని మనం గుర్తుపెట్టుకున్నాం. దాదాపు 4,000 మీటర్ల రోహ్‌తంగ్ కనుమకు బదులు బండ్లు ఇప్పుడు 3,100 మీటర్లలోపే దాటుతున్నాయి. అంటే ప్రతి 10 టన్నుల ట్రక్కుకు, వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ, దూరం పొదుపు కాకుండా ఎక్కుడులోనే మరో తొమ్మిది లీటర్లు మిగిలినట్టు. ఏ ఇంజిన్ మార్పూ అంత సులభంగా ఇవ్వలేని లాభం అది.

టన్ను లెక్క

ఇప్పుడు అసలు కొలమానానికి వద్దాం. లెక్క అర్థం కావడానికి కొన్ని అంకెలు అనుకుందాం. 200 లీటర్ల డీజిల్ పీపా, ఇనుముతో కలిపి దాదాపు 185 కిలోలు. 5 టన్నుల ట్రక్కు 25 పీపాలు, అంటే 5,000 లీటర్లు తీసుకెళ్తుంది. శ్రీనగర్ నుంచి లేహ్‌కు సుమారు 420 కిలోమీటర్లు. రానుపోను 840. సగటున లీటరుకు మూడున్నర కిలోమీటర్లు వస్తే 240 లీటర్లు ఖర్చు. అంటే చేరవేసిన ప్రతి 100 లీటర్లకు దాదాపు 5 లీటర్లు దారిలోనే కాలాయి.

లేహ్ నుంచి 200 కిలోమీటర్ల దూరంలోని ముందువరుస స్థావరానికి ఆ 5,000 లీటర్లు చేరాలి. రానుపోను 400 కిలోమీటర్లు. లీటరుకు 3 కిలోమీటర్లు ఇచ్చే 5 టన్నుల ట్రక్కు ఒక్కటి వెళ్తే 133 లీటర్లు. వన్-టన్ బండ్లయితే అయిదు కావాలి. అవీ లీటరుకు అదే 3 కిలోమీటర్లు ఇస్తాయనుకున్నా మొత్తం 667 లీటర్లు. లాగ్‌బుక్‌లో రెండు రకాల కేపీఎల్ సమానం. పనిలో ఒకటి రెండోదానికి అయిదు రెట్లు ఖరీదు. పైగా అయిదుగురు డ్రైవర్లు, రోడ్డు మీద అయిదు బండ్లు. డీజిల్ మోసే బండ్లు తాగేది పెట్రోలు కాబట్టి దాన్ని వేరే పీపాల్లో మోయాలి.

అలాగని చిన్న ట్రక్కు పనికిరానిది కాదు. 5 టన్నుల బండి తిరగలేని మలుపులు, మోయలేని వంతెనలు సరిహద్దులో చాలా ఉన్నాయి. అక్కడ పోలిక పెద్ద ట్రక్కుతో ఉండదు, కంచర గాడిదతోనో హెలికాప్టర్‌తోనో ఉంటుంది. హెలికాప్టర్‌తో పోలిస్తే పాత వన్-టన్ కూడా పొదుపరే. కాబట్టి ఏ బండికి ఆ దారి. పెద్దది వెళ్లగలిగిన చోటికి చిన్నవాటిని గుంపుగా పంపితేనే దుబారా.

జిప్సీ చెప్పే పాఠం

ఇంతసేపూ డీజిల్‌ను మెచ్చుకున్నాను. దీనికి ఎదురుగా నిలిచే బండి జిప్సీ. పెట్రోలు బండే అయినా పర్వత దళాలు దాన్ని అంత తేలిగ్గా వదులుకోలేదు. ఎందుకంటే అది సుమారు ఒక టన్ను బరువు మాత్రమే. పలుచగా ఉండే పెట్రోలు చలికి గడ్డకట్టదు, ఇంజిన్ త్వరగా రాజుకుంటుంది. 2000లో వచ్చిన ఎంపీఎఫ్‌ఐ ఇంజిన్ గాలి ఒత్తిడిని కొలిచి ఇంధనాన్ని తనంతట తానే తగ్గించుకుంటుంది. కార్బురేటర్ జోంగాను వేధించిన ఎత్తు జబ్బు ఇందులో చాలావరకు పోయింది. 4 లీటర్ల ఇంజిన్ చేసే పనిని చాలా సందర్భాల్లో 1.3 లీటర్ల ఇంజిన్ చేసిపెట్టింది.

2017లో సైన్యం 3,192 టాటా సఫారీ స్టార్మ్ వాహనాలకు ఆర్డరిచ్చింది. 800 కిలోల బరువు మోయాలి, పైకప్పు గట్టిగా ఉండాలి, ఏసీ ఉండాలి అన్నవి అప్పటి షరతులు. 2.2 లీటర్ల డీజిల్ ఇంజిన్ సామర్థ్యంలో జిప్సీని మించినదే. అయితే ఆ బండి బరువు జిప్సీకి దాదాపు రెట్టింపు. ఇద్దరు మనుషులు, ఒక రేడియో సెట్టు తీసుకుని కొండెక్కే పనిలో ఇంజిన్ మిగిల్చిన లాభాన్ని బరువు తినేయగలదు. అదే 800 కిలోలు నింపి పంపితే లెక్క మారుతుంది. ఇంజిన్‌ను విడిగా పోల్చి తీర్పు చెప్పలేం.

చలి విషయంలో డీజిల్‌కూ ఈమధ్య మందు దొరికింది. మామూలు డీజిల్‌లో మైనం పేరుకుని గొట్టాలు మూసుకుపోతే కిరోసిన్ కలిపి నెట్టుకొచ్చేవారు. 2019 నవంబరులో ఇండియన్ ఆయిల్ లద్దాఖ్ కోసం మైనస్ 33 డిగ్రీల్లోనూ పారే శీతకాలపు డీజిల్ విడుదల చేసింది. దాంతో సైనికావసరాలకు ఒకే ఇంధనం వైపు వెళ్లే దారి సులువైంది. నాటో దేశాలు 1980ల నుంచే యుద్ధరంగంలో ఏక ఇంధన విధానం వైపు నడిచాయి. రెండు ఇంధనాలంటే రెండు రకాల ట్యాంకర్లు, రెండు నిల్వలు, రెండు కొరతలు.

నాలుగు చక్రాలూ తిరిగితే

పాత ఫోర్-వీల్-డ్రైవ్ బండ్లలో ఎక్కువ వాటికి ముందు యాక్సిల్‌ను అవసరమైనప్పుడే కలుపుకోవాలి. బురద, మంచు, ఇసుక దాటాక లివర్ వెనక్కి వేయాలి. పొడి తారురోడ్డు మీద కలిపే ఉంచితే మలుపుల్లో ముందు, వెనక చక్రాలు ఒకదానితో ఒకటి కుస్తీ పడతాయి. గేర్లు బిగుసుకుంటాయి, టైర్లు అరుగుతాయి, ఇంధనం వృథా అవుతుంది. ముదురు పళ్ల టైర్లు, తగ్గించిన గాలి, అరిగిన ఇంజెక్టర్లు, మూసుకుపోయిన ఎయిర్ ఫిల్టర్ ఒక్కొక్కటీ కొంత లాక్కుంటాయి. ఇరవై ఏళ్ల ట్రక్కు తక్కువ మైలేజీ ఇస్తే తప్పు ఇంజిన్ డిజైన్‌దేనని వెంటనే తేల్చేయకూడదు.

అందుకే పోలిక నిజాయతీగా ఉండాలంటే పద్ధతి కావాలి. ట్యాంకు నిండా పోసి, కొలిచిన దారిలో తిప్పి, మళ్లీ నిండా పోసి చూడాలి. బరువు, డ్రైవరు, టైర్ల గాలి ఒకటే ఉండాలి. దూరం మీటరును నమ్మకూడదు, టైరు అరిగితే అది కిలోమీటర్లు ఎక్కువ చూపిస్తుంది. బండి ఆపి గంటసేపు ఇంజిన్ నడిపి ఎంత కాలిందో విడిగా కొలవాలి. ఇదంతా మైదానంలో ఒకసారి, 3,500 మీటర్ల పైన మరోసారి చేయాలి. నిర్ణీత అంకె ముందే ఉన్నచోట లాగ్‌బుక్ రాతలు ఆ అంకె చుట్టూనే తిరగడం మానవ సహజం. ఆ సగటులతో ఇంజిన్ల మంచిచెడ్డలు తేల్చలేం.

ఖర్చు రూపాయల్లోనే కాదు

ఈ లెక్కలు గుమాస్తా వ్యవహారంగా కనిపించవచ్చు. ఇరాక్, ఆఫ్ఘానిస్తాన్‌లలో అమెరికా సైన్యానికి అవి వేరేలా అర్థమయ్యాయి. 2009లో వెలువడిన అమెరికా సైనిక అధ్యయనం ప్రకారం 2007లో ఆఫ్ఘానిస్తాన్‌లో ప్రతి 24 ఇంధన కాన్వాయ్‌లకు ఒకరు చనిపోవడమో గాయపడటమో జరిగింది. 2011 నవంబరు నుంచి 2012 జులై దాకా పాకిస్తాన్ తన దారులు మూసేసినప్పుడు నాటో ట్యాంకర్లు నెలల తరబడి నిలిచిపోయాయి. అమెరికా 2009 ఆర్థిక సంవత్సరపు రక్షణ చట్టంలోనే, ఆయుధాలు, వాహనాలు ఎంచుకునేటప్పుడు ఇంధనాన్ని గమ్యం చేర్చేదాకా అయ్యే మొత్తం ఖర్చును లెక్కలోకి తీసుకోవాలని నిర్దేశించింది.

మనకు ఆ పాఠం కొత్తదేమీ కాదు. 2019 ఫిబ్రవరి 14న పుల్వామాలో కాన్వాయ్ మీద దాడిలో 40 మంది సీఆర్‌పీఎఫ్ జవాన్లు అమరులయ్యారు. అది ఇంధన కాన్వాయ్ కాదు, అయినా రోడ్డు మీద వరసగా కదిలే వాహనాలు ఎంత సులభమైన లక్ష్యమో దేశమంతా చూసింది. కనుమల్లో శత్రువు లేకపోయినా హిమపాతం, కొండచరియలు ఉండనే ఉన్నాయి. 2020లో గల్వాన్ తరువాత తూర్పు లద్దాఖ్‌కు వేలాది అదనపు బలగాలు చేరాయి. వారి బుఖారీ వెలగాలన్నా, జనరేటర్ తిరగాలన్నా శీతకాలానికి ముందే ఇంధనం పైకి చేరాలి. అనవసరంగా కాలిన ప్రతి లీటరు వెనక ఒక డ్రైవరు అదనంగా చేయాల్సిన ప్రయాణం ఉంటుంది.

చేయాల్సింది

సమస్య పద్దులోనూ ఉంది. ఇంధనం సరఫరా ఆర్మీ సర్వీస్ కోర్ చూస్తుంది. వాహనాల నిల్వ, పంపిణీ ఆర్డినెన్స్ కోర్‌ది. మరమ్మతు ఈఎంఈది. పాత బండిని ఇంకో అయిదేళ్లు నడిపితే కొనుగోలు పద్దులో పొదుపు కనిపిస్తుంది. అది అదనంగా తాగిన డీజిల్ ఖర్చు మరో పద్దులో పడుతుంది. రెండూ ఒకే కాగితం మీదికి రావాలి.

నా సూచనలు నాలుగు. కొత్త ట్రక్కుల పరీక్షల్లో లీటరుకు టన్ను-కిలోమీటర్ల లెక్కను ఎత్తైన ప్రాంతంలో కొలిచి, దానికి మార్కులివ్వాలి. ఆగి ఉన్నప్పుడు కాలే ఇంధనానికీ పరిమితి పెట్టాలి. పాత బండిని తొలగించాలా ఉంచాలా అన్న నిర్ణయంలో పంపు ధర కాకుండా ముందువరుసకు చేరిన లీటరు ఖరీదును వాడాలి. డ్రైవర్ల శిక్షణలో ఫోర్-వీల్ లివర్, టైరు గాలి, ఇంజిన్ ఎప్పుడు ఆపాలన్నది ముఖ్యాంశాలు కావాలి. చివరిదానికి కొత్త బడ్జెట్ కూడా అక్కర్లేదు.

2022 అక్టోబరులో సైన్యం శాంతి స్థావరాల్లోని తేలికపాటి వాహనాల్లో 25 శాతాన్ని విద్యుత్ వాహనాలుగా మార్చే ప్రణాళిక ప్రకటించింది. మంచిదే. కనుమలకు అవతల మాత్రం ఇంకా చాలా ఏళ్లు డీజిల్ ట్రక్కే దిక్కు. మైదానంలో మిగిల్చిన డీజిల్‌ను కొండమీదికి పంపగలిగితేనే మిగులు. కొండమీదే మిగిల్చితే అంత మేరకు డీజిల్ బయలుదేరనవసరమే లేదు, దాన్ని మోసే బండీ, నడిపే జవానూ ఆ శీతకాలం కనుమ దాటనవసరం లేదు. పాత ఇంజిన్ల పోలికలో మనం వెతకాల్సిన మైలేజీ అదే.